వయసు వ్యాధి కాదు

‘వృద్ధి’, ‘వృద్ధుడు’ అనే రెండు పదాలూ ‘వృధ్’ అనే ఒకే సంస్కృత ధాతువు నుంచి పుట్టినవి. పెరిగినవాడు, పరిణతి చెందినవాడు అని వృద్ధ శబ్దానికి మూలార్థం. అందుకే జ్ఞానవృద్ధులు, వయోవృద్ధులు అనే గౌరవవాచకాలు ఏర్పడ్డాయి. వాటితోపాటు ‘ముసలిది’, ‘కాటికి కాళ్లు చాచినవాడు’ వంటి మాటలూ వాడుకలో ఉన్నాయి. ఇటువంటి మాటలు వైద్యశాలలో వినిపించినప్పుడు వాటివల్ల కలిగే హాని మనసు నొప్పించడంతో ఆగదు.

వయసును బట్టి మనుషులను తక్కువగా చూడడం వయోవివక్ష. అమెరికాకు చెందిన మానసిక వైద్యుడు రాబర్ట్ బట్లర్ 1969లో దీనికి ‘ఏజిజం’ అని పేరు పెట్టాడు. ప్రపంచంలో ప్రతి ఇద్దరిలో ఒకరికి వృద్ధుల పట్ల ఇటువంటి భావాలున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో వెలువరించిన నివేదిక పేర్కొంది.

మోకాళ్ల నొప్పితో వచ్చిన వ్యక్తిని ‘ఈ వయసులో ఇంతే’ అని పంపివేస్తే, చికిత్సతో తగ్గే బాధ కూడా అలాగే మిగిలిపోతుంది. నిన్నటిదాకా చక్కగా మాట్లాడిన వృద్ధురాలు నేడు పొంతన లేకుండా మాట్లాడితే అది ‘చాదస్తం’ కాకపోవచ్చు. మూత్రకోశంలో ఇన్‌ఫెక్షన్, రక్తంలో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు - వీటిలో ఏదైనా అందుకు కారణం కావచ్చు. చాదస్తమని తేల్చివేసిన క్షణంలోనే ఆ కారణాన్ని వెదికే ప్రయత్నం ఆగిపోతుంది. విలువైన సమయం చేజారుతుంది.

రోగి ఎదుటనే ఉండగా ‘ఈయన అన్నం తింటున్నాడా?’ అని కుమారుణ్ణి అడగడం, పసిపిల్లలతో పలికినట్లు పలకడం కూడా వివక్షలో భాగమే. ‘తాతగారూ’, ‘అమ్మా’ అనే పిలుపులలో దోషం లేదు. ఆ పిలుపు చాటున, ఎదుటివారు తమ సంగతి తాము చెప్పుకోలేరని భావించడమే దోషం.

అంతర్జాతీయ వ్యాధుల వర్గీకరణ 11వ కూర్పు 2022లో అమలులోకి వచ్చింది. అందులో ‘వృద్ధాప్యం’ అనే పదాన్ని ఒక శీర్షికగా చేర్చడానికి తొలుత సంకల్పించారు. వైద్యులు, వృద్ధుల సంఘాలు అభ్యంతరం తెలిపాయి. మరణానికి అసలు కారణమైన వ్యాధి ఆ పదం మాటున మరుగున పడుతుందని వారు వాదించారు. చివరకు ఆ పదాన్ని తొలగించి, వయసుతోపాటు శక్తిసామర్థ్యాలు క్షీణించడాన్ని తెలిపే మరొక పదబంధాన్ని చేర్చారు.

‘ముసలి కేసు’ అనే మాట రోగిని గురించి ఏమీ తెలపదు. ‘78 ఏళ్ల మహిళ, మూడు రోజులుగా జ్వరం’ అనే వాక్యం చికిత్సకు దారి చూపుతుంది. మర్యాద గల మాటే ఇక్కడ శాస్త్రీయమైన మాట కూడా.