పుట్టిలో తొలిపాఠం

ఉద్దేశం

చిన్నపడవపై కూర్చొని చేపలు పట్టే విద్యలోని మెళకువలను, అందులో పాటించవలసిన జాగ్రత్తలను తెలియజేయడం. పుస్తకజ్ఞానానికీ అనుభవజ్ఞానానికీ గల సంబంధాన్ని గుర్తింపజేయడం. శ్రమజీవుల విద్యపట్ల గౌరవాన్ని పెంపొందించడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

ప్రక్రియ

ఇది వ్యాస ప్రక్రియకు చెందిన పాఠం. రచయిత తన స్వీయానుభవాన్ని ఆధారంగా చేసుకొని ఒక విషయాన్ని వివరించే రచన ఇది.

పాఠ్యభాగం

నావ, ఓడ, కలము, పడవ, దోనె, తెప్ప, పుట్టి, హరిగోలు – నీటిని దాటించే సాధనాలకు మన భాషలో ఇన్ని పేర్లున్నాయి. గంగానదిని దాటించిన గుహుని భక్తిని, యమునలో నావ నడిపిన సత్యవతి కథను దాదాపు మూడు దశాబ్దాలపాటు తరగతి గదిలో బోధించాను. నదీ వర్ణనలోని అలంకారాలను విడమరచి చెప్పాను. కాని ఏనాడూ తెడ్డు చేతబట్టలేదు. మోకాటిలోతు నీటిని మించి దిగిన జ్ఞాపకం కూడా నాకు లేదు. ఈ లోటును నాకు ఎత్తిచూపినవాడు పండితుడు కాదు. చివరి బల్లమీద కూర్చొనే ఒక మొదటి సంవత్సరం విద్యార్థి.

ఒకనాడు పాఠం మధ్యలో 'పుట్టి' అనే మాట వచ్చింది. అర్థమేమిటని అడిగాను. "ఇరవై తూముల ధాన్యం" అని ముందువరుసలోని విద్యార్థి ఒకడు చెప్పాడు. సరియైన సమాధానమే. మరొక అర్థం ఎవరికైనా తెలుసా అన్నాను. చివరి బల్ల నుండి సన్నని గొంతు వినిపించింది: "మా ఇంట్లో ఉందండి, సార్." తరగతి అంతా ఘొల్లున నవ్వింది. ఆ పిల్లవాడు తల దించుకున్నాడు. ఆ గంట ముగిసేవరకు తల ఎత్తలేదు.

సాయంత్రం అతనిని పిలిచి మాట్లాడాను. వాళ్లది నాగార్జునసాగర్ జలాశయపు గట్టున ఉన్న మత్స్యకారుల పల్లె. ముత్తాత కాలంలో ఉత్తరాంధ్ర సముద్రతీరం నుండి వలస వచ్చిన కుటుంబం. తాత ఇప్పటికీ పుట్టిమీద వేటకు వెళతాడు. "నీకు వచ్చునా?" అని అడిగాను. "వచ్చు సార్" అన్నాడు, అదేదో తప్పు ఒప్పుకుంటున్నట్లు. "అయితే నాకు నేర్పు" అన్నాను. అతడు నమ్మలేనట్లు నావైపు చూశాడు.

పుట్టి చరిత్ర చాలా పాతది. వెదురు బద్దలతో గుండ్రని పెద్ద బుట్టను అల్లి, దాని వెలుపలి భాగాన్ని పూర్వం పశుచర్మంతో కప్పేవారు. క్రీ.శ. 1520 ప్రాంతంలో విజయనగరాన్ని దర్శించిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేయస్, అక్కడి ప్రజలు బుట్టల వంటి గుండ్రని తోలుపడవలలో నదిని దాటుతుండడం చూసి వర్ణించాడు. తరువాతి కాలంలో తోలు స్థానంలో తారుపూసిన గోనెగుడ్డ, ప్లాస్టిక్ పట్టా వచ్చి చేరాయి. ఒక మనిషి తలపై బోర్లించుకొని ఇంటికి మోసుకుపోగలిగినంత తేలికగా ఉండడం దీని ప్రత్యేకత.

ఇటువంటి ఆలోచనే భూగోళపు ఉత్తర కొనలోని ఇన్యూట్ జాతివారికి కూడ తట్టింది. మంచుసీమలో చెట్లు లేవు. సముద్రం ఒడ్డుకు తెచ్చిన కొయ్యతోనో, తిమింగిలపు ఎముకతోనో చట్రం కట్టి, దానిపై సీల్ జంతువు చర్మాన్ని బిగించి వారు సన్నని వేటపడవను నిర్మించుకున్నారు. అదే కయాక్. నేడు ప్లాస్టిక్‌తో చేసిన కయాక్‌లపై కూర్చొని నదులలో, సరస్సులలో గాలం వేయడం అనేక దేశాలలో ఒక వినోదం. కొల్లేటి జాలరులు తాటిమానును తొలిచి చేసుకునే తాటిదోనె కూడ ఈ కుటుంబంలోనిదే. ఒక మనిషి, ఒక తెడ్డు, నీటికి జానెడు ఎత్తున కూర్చోవడం – ఇదే వీటన్నిటికీ సామాన్య లక్షణం. భేదం ఒక్కటే. కయాక్‌కు ముందూ వెనుకా ఉన్నాయి. పుట్టికి అవి లేవు. అందువల్ల కయాక్ సూటిగా సాగుతుంది. పుట్టి తెలియనివాడి చేతిలో గిరగిర తిరుగుతుంది.

వేసవి సెలవులలో ఒక ఉదయం సూర్యోదయానికి ముందే పల్లెకు చేరాను. ఎదురుగా విశాలమైన జలరాశి. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన ఈ ఆనకట్ట నుండి 1967లో కాలువలకు నీరు విడుదలైంది. జలాశయం నిండితే నీటిమట్టం సముద్రమట్టానికి 590 అడుగుల ఎత్తున ఉంటుంది. ఆ నీటి అడుగున ఇక్ష్వాకు రాజుల విజయపురి నిద్రిస్తున్నది. ఆ లోయలో దొరికిన శిల్పాలను, కట్టడాలలో కొన్నింటిని కొండపైకి తరలించి కాపాడారు. ఆ కొండే నేటి నాగార్జునకొండ ద్వీపం. మా గాలం ఒక మునిగిన రాజధానిపై వేలాడబోతున్నదన్న తలపు నన్ను పులకింపజేసింది. పెద్దాయన మాత్రం నా పులకింతను గమనించే స్థితిలో లేడు. ఆయన దృష్టి నా కాళ్లమీద ఉంది.

"మేస్టారూ, అంచుమీద కాలెయ్యకండి. నడిమధ్యన పెట్టండి. పెట్టగానే కూకోండి. నీటిమీద నిలబడినోడు పడతాడు, కూకున్నోడు తేలతాడు" అన్నాడు. "సరే బాబాయ్" అంటూనే అంచుమీద అడుగు వేశాను. పుట్టి ఒరిగింది. నడుము వరకు తడిసి, రెండవ ప్రయత్నంలో లోపలికి చేరాను. నాకెదురుగా నా విద్యార్థి కూర్చున్నాడు. ఇద్దరి బరువూ ఎదురెదురుగా ఉంటేనే పుట్టి సమంగా నిలుస్తుందట.

తెడ్డు అందుకొని కుడివైపు నీటిని వెనుకకు నెట్టాను. పుట్టి ముందుకు పోలేదు. కుమ్మరి సారెవలె తిరిగింది. ఎడమవైపు నెట్టాను. అటు తిరిగింది. శిష్యుడు నవ్వు ఆపుకొని చెప్పాడు: "పక్కన కాదు సార్, ముందు వేయండి. పోవలసిన వైపు తెడ్డు ముంచి నీటిని మనవైపు లాక్కోవాలి. కాస్త కుడికి, కాస్త ఎడమకు మార్చి మార్చి లాగాలి." కారణం ఆలోచిస్తే స్పష్టమే. గుండ్రని వస్తువును పక్కనుండి నెడితే తిరుగుతుంది. ముందునుండి లాగితే కదులుతుంది. ఈ చిన్న సూత్రం నా చేతికి ఎక్కడానికి మూడు ఉదయాలు పట్టింది.

నాలుగవనాడు గాలం చేతికిచ్చాడు. చేప ఎక్కడ ఉంటుందో తెలియాలంటే దాని నోటిని చూడాలన్నాడు. బొచ్చె నోరు పైకి తిరిగి ఉంటుంది; అది నీటి పైపొరలో మేస్తుంది. మోసు నోరు కిందికి తిరిగి ఉంటుంది. అది అడుగున బురదలో మేత వెదకుతుంది. శీలావతి నడిమి పొరలో తిరుగుతుంది. ఒకే నీటిలో మూడు అంతస్తుల కాపురం! గాలానికి కట్టిన బెండును పైకి కిందికి జరిపి, ఏ చేప కావాలో ఆ లోతుకు ఎరను దించాలి. మోసుకు, శీలావతికి పిండిముద్ద చాలు. వాలుగకు, కొర్రమీనుకు వానపామో చిన్నచేపో కావాలి. వాగు వచ్చి కలిసే చోటు, మునిగిన చెట్ల మొదళ్లు చేపలకు ఇష్టమైన తావులు. బెండు మునగగానే లాగకూడదు. రెండవసారి మునిగినప్పుడు మణికట్టుతో తేలికగా ఎత్తాలి. ఆనాడు నాకు ఒక మోసు పడింది. అరచేతి కంటె కొంచెమే పెద్దది. శిష్యుడు దానిని గాలం నుండి జాగ్రత్తగా విడిపించి, నా అనుమతి అడగకుండానే నీటిలో వదిలాడు. "పిల్ల సార్. ఏడాది ఆగితే కుటుంబం తింటుంది" అన్నాడు.

ఒడ్డు దగ్గర తుంగల మధ్య ఎర్రని చిన్న మచ్చ ఒకటి నీటిపై కదలుతూ కనిపించింది. తెడ్డుతో తాకబోయాను. అతడు వారించాడు. అవి కొర్రమీను పిల్లలట. కొర్రమీను నీటిపైకి వచ్చి గాలి పీల్చే చేప. దాని పిల్లలు ఎర్రని గుంపుగా తిరుగుతుంటే తల్లిదండ్రులు కింద కాపు కాస్తాయి. ఆ సమయంలో గాలం వేస్తే తల్లి తప్పక చిక్కుతుంది. కాని గుంపు మొత్తం ఇతర చేపలకు ఆహారమైపోతుంది. "తాత ఆ చోట వల వేయనివ్వడు సార్" అన్నాడు.

ఇక ఆరవనాటి సంగతి. ఆనాడు సాయంత్రపు వేటకు బయలుదేరాము. హైదరాబాదులో కొన్న కొత్త లైఫ్ జాకెట్‌ను గర్వంగా తొడుక్కున్నాను. నడిమి నీటికి చేరాక బెండు బలంగా మునిగింది. సరిగ్గా అప్పుడే శిష్యుడు పడమటి దిక్కు చూసి, "సార్, తిరిగిపోదాం" అన్నాడు. కొండల మీద నల్లమబ్బు ఒకటి నిలిచి ఉంది. ఇక్కడ గాలి లేదు. నీరు అద్దంలా ఉంది. "ఈ ఒక్క చేప" అన్నాను. అతడు గురువు మాటను కాదనలేకపోయాడు. ఐదు నిమిషాలు గడిచాయి. చేప తప్పించుకుంది. గాలి వచ్చింది.

విశాలమైన నీటిపై గాలికి అడ్డు ఉండదు. అది ఎంత దూరం నీటిని రాసుకుంటూ వస్తే అల అంత పెరుగుతుంది. నిమిషాలలో అలలు పుట్టి అంచును తాకాయి. నీరు లోపలికి చిమ్మింది. అతడు నా చేతిలోని తెడ్డు లాక్కొని, మా పల్లె వైపు కాక గాలివాలున ఉన్న దగ్గరి గట్టు వైపు లాగసాగాడు. "కిందికి వంగి కూర్చోండి, చిప్పతో నీళ్లు తోడండి" అని ఆజ్ఞాపించాడు. అతని గొంతులో తరగతి గదిలోని బెరుకు లేదు. నీళ్లు తోడుతూ తల ఎత్తి చూశాను. అప్పుడు నాకు కనిపించిన దృశ్యం ఇప్పటికీ నన్ను బాధిస్తుంది. నా ఒంటిమీద లైఫ్ జాకెట్ ఉంది. అతని ఒంటిమీద తడిసిన చొక్కా మాత్రమే ఉంది. ఒక్కటే కొన్నాను. రెండవది కొనాలన్న ఆలోచన కూడ నాకు రాలేదు. ఈత వచ్చినవాడికి అవసరమేముందని ఎక్కడో మనసులో అనుకున్నాను కాబోలు. కాని ఈత వచ్చినవాడు కూడ అలసిపోతాడు. తలకు దెబ్బ తగిలితే ఈత గుర్తురాదు.

గట్టు చేరాము. గంటసేపు బోర్లించిన పుట్టి కింద, వానలో, మాటలు లేకుండా కూర్చున్నాము. చీకటి పడ్డాక పెద్దాయన లాంతరుతో వెదకుతూ వచ్చాడు. జరిగినది దాచకుండా చెప్పాను. ఆయన కోపగించలేదు. మనుమడి వైపు తిరిగి, "నువ్వు చెప్పినావు, బాగుంది. మేస్టారు వినలేదని ఊరుకున్నావు, అది తప్పు. నీటిమీద పుట్టి నడిపేవోడిదే పెద్దరికం" అన్నాడు. ఆ మందలింపు మనుమడికి చెప్పినదే అయినా, చేరవలసిన చోటుకే చేరింది.

మరునాడే రెండు జాకెట్లు కొని ఆ ఇంటికి పంపాను. జూన్‌లో కళాశాల తెరిచాక వేట మానుకున్నాను. వానకాలం చేపలు గుడ్లు పెట్టే కాలం. బొచ్చె, శీలావతి, మోసు ప్రవహించే నీటిలోనే సహజంగా గుడ్లు పెడతాయి. 1957లో డాక్టర్ హీరాలాల్ చౌధురి పిట్యూటరీ గ్రంథి రసాన్ని ఎక్కించి ఈ తరహా చేపలతో గుడ్లు పెట్టించడంలో విజయం సాధించేవరకు, చేపల చెరువులకు పిల్లలు ఎక్కువగా నదుల నుండే రావలసి వచ్చేది. అందుకే మత్స్యశాఖ ప్రకటించిన నిషేధకాలాన్ని గౌరవించడం, వేటకు ముందు అనుమతి తీసుకోవడం కొత్తవారి మొదటి ధర్మం. పేలుడు పదార్థాలతో, విషంతో చేపలను చంపడాన్ని 1897 నాటి భారత మత్స్య చట్టమే నేరంగా పరిగణించింది.

ఆ సంవత్సరం మొదటి తరగతిలో 'పుట్టి' అనే మాటను మళ్లీ నల్లబల్లపై వ్రాశాను. ఈసారి అర్థం నేను అడగలేదు. రెండవ సంవత్సరంలోకి వచ్చిన నా శిష్యుని పిలిచి సుద్దముక్క చేతికిచ్చాను. అతడు గుండ్రని బొమ్మ గీసి, తెడ్డు ఎక్కడ వేయాలో చూపించాడు. ఎవరూ నవ్వలేదు. నేను ఖాళీ అయిన చివరి బల్లమీద కూర్చొని విన్నాను.

కఠిన పదాలు – అర్థాలు

హరిగోలు = తోలుతో కప్పిన గుండ్రని పడవ, పుట్టి
దోనె = మానును తొలిచి చేసిన చిన్నపడవ
తెడ్డు = పడవను నడిపే బల్లకర్ర
బెండు = నీటిపై తేలుతూ గాలానికి గుర్తుగా ఉండే తేలిక వస్తువు
ఎర = చేపను ఆకర్షించడానికి గాలానికి గుచ్చే ఆహారం
సారె = కుమ్మరి చక్రం
గాలివాలు = గాలి వీచే దిశ

వ్యాకరణాంశాలు

సంధులు
జలాశయం = జల + ఆశయం – సవర్ణదీర్ఘ సంధి
సూర్యోదయం = సూర్య + ఉదయం – గుణసంధి
నాకెదురుగా = నాకు + ఎదురుగా – ఉత్వసంధి

సమాసాలు
నల్లమబ్బు – నల్లనైన మబ్బు – విశేషణ పూర్వపద కర్మధారయ సమాసం
తల్లిదండ్రులు – తల్లియును తండ్రియును – ద్వంద్వ సమాసం
సముద్రతీరం – సముద్రము యొక్క తీరం – షష్ఠీ తత్పురుష సమాసం

ప్రశ్నలు

అ) వ్యాసరూప ప్రశ్నలు
1. పుట్టి నడపడంలో, గాలం వేయడంలో రచయిత నేర్చుకున్న మెళకువలను వివరించండి.
2. ఆరవనాటి సంఘటన రచయితలో తెచ్చిన మార్పును విశ్లేషించండి.

ఆ) సంగ్రహరూప ప్రశ్నలు
1. పుట్టికీ కయాక్‌కూ గల పోలికలను, భేదాన్ని తెలపండి.
2. కొర్రమీను పిల్లలున్న చోట వల ఎందుకు వేయకూడదు?
3. రచయిత చివరి బల్లమీద కూర్చోవడంలోని ఔచిత్యం ఏమిటి?

ఇ) సందర్భసహిత వ్యాఖ్యలు
1. "మా ఇంట్లో ఉందండి, సార్."
2. "నీటిమీద పుట్టి నడిపేవోడిదే పెద్దరికం."

ఈ) భాషాకృత్యం
మీ ఇంటిలోనో, మీ ఊరిలోనో పెద్దలు చేసే వృత్తికి సంబంధించిన పది పదాలను వారిని అడిగి సేకరించి, వాటి అర్థాలను వ్రాయండి.