పట్టణం చెత్త - ప్రభుత్వ కొనుగోలు

పాడి వున్న ఇంట్లో పారవేసేది బహు తక్కువ. చొప్ప పశువుకు, పేడ దిబ్బకు, దిబ్బ ఎరువు చేనికి, చేనినుంచి మళ్ళీ చొప్ప. పట్టణాలలో ఈ గొలుసు తెగిపోయింది. మనం పండించిన కూరగాయలు, ధాన్యం అక్కడికి చేరుతాయి. వాటి తొక్కలు, ఎంగిలి మెతుకులు మాత్రం పాలిథిన్ సంచులతో కలిసి ఊరి బయట గుట్టలవుతాయి. తిండి వాసనకు పశువులు ఆ సంచులనే మింగుతాయి. అవి అరగవు, పేడలో బయటికి రావు. పెద్ద పొట్టలో ముద్దకట్టి వుండిపోతాయి. ముదిరితే పొట్ట కోసి తీయవలసిందే. కనుక పట్టణం చెత్త మనకు పట్టని విషయం కాదు.

తెగిన గొలుసును తిరిగి కలపవచ్చునని మధ్యప్రదేశ్‌లోని ఇండోర్ నగరం పూనుకున్నది. రోజుకు 550 టన్నుల తడి చెత్తను తీసుకునే గ్యాస్ కర్మాగారం అక్కడ 2022 ఫిబ్రవరిలో ప్రారంభమైంది. సూత్రం మన గోబర్ గ్యాస్‌దే. గాలి చొరని తొట్టిలో సూక్ష్మజీవులు చెత్తను కుళ్ళబెట్టి మీథేన్ పుట్టిస్తాయి. అందులో కలిసివున్న బొగ్గుపులుసు వాయువును తీసివేసి, ఒత్తిడితో సిలిండర్లలో నింపితే బస్సులు నడిపే ఇంధనం అవుతుంది. రోజుకు 17,000 కిలోల ఇంధనం, 100 టన్నుల సేంద్రియ ఎరువు రావాలని లెక్క వేశారు.

యంత్రం సంగతి అంతే. మనం గమనించవలసినవి వేరే వున్నాయి. ఇండోర్‌లో ఇంటి గడప దగ్గరే తడి చెత్తను, పొడి చెత్తను విడివిడిగా తీసుకుంటారు. చెంబెడు పులిసిన పాలు కలిస్తే కేను మొత్తం విరుగుతుందని ఎరిగిన సభ్యులకు దీని అవసరం వివరించనక్కరలేదు.

అంతకన్న ముఖ్యమైనది కొనుగోలు. 150 కోట్ల రూపాయల పెట్టుబడి ప్రైవేటు సంస్థది. తయారైన ఇంధనంలో కనీసం సగం తానే కొని సిటీ బస్సులకు వాడతానని నగరపాలక సంస్థ ఒప్పుకున్నది. రెండు పూటలా పాలు తీసుకునే సంఘం వుంటేనే గదా రైతు రెండో గేదెను కొనడానికి సాహసించేది! కొనేవాడు ఖాయమైతేనే చెత్త సరుకవుతుంది.

అయితే ప్రభుత్వం కొనే తీరులో ఒక చిక్కు వుంది. టెండర్లలో సాధారణంగా తక్కువ ధర వేసినవాడిదే పైచేయి. వీధి దీపం ఎంత కరెంటు తాగుతుంది, ఎన్నాళ్ళు వెలుగుతుంది, పాడైతే దానినేం చేయాలి - ఇవేవీ ఆ ధరలో కనబడవు. పాలకు లీటర్ల లెక్కనే డబ్బిస్తే నీళ్ళకే లాభం. వెన్నశాతం, వెన్న కాని ఘన పదార్థాల శాతం కొలిచి ధర కట్టినప్పుడే చిక్కటి పాలకు విలువ దక్కుతుంది. మునిసిపాలిటీలు కూడా వస్తువును కొన్ననాటినుంచి పారవేసేనాటి వరకు అయ్యే మొత్తం ఖర్చును టెండరులో లెక్కగట్టాలని మా అభిప్రాయం. దీపాలకే కాదు, బల్లలకు, కాగితానికి, రోడ్లకు, పార్కుల ఎరువుకు కూడా.

ఎరువు మాట వచ్చింది గనుక ఒక హెచ్చరిక. పట్టణం చెత్తతో చేసే సిటీ కంపోస్టుకు 1985 ఎరువుల నియంత్రణ ఉత్తర్వులో ప్రమాణాలు వున్నాయి. సీసం, కాడ్మియం వంటి లోహాలకు హద్దులు పెట్టారు. సభ్యులు కొనేటప్పుడు బస్తా మీది వివరాలు చదివించుకోవాలి. ఒక బస్తా విప్పి గుప్పెడు చేతిలో పోసుకుని చూడాలి. గాజుపెంకులు, ప్లాస్టిక్ తునకలు కనబడితే తిప్పి పంపండి. గడ్డి మళ్ళలో చల్లితే అవి మళ్ళీ మన పశువు నోటికే వస్తాయి.