సగం ధర అన్నారని తొందరపడొద్దు

ప్రశ్న: దసరా ఆఫర్‌లో 43 అంగుళాల టీవీ మీద ‘50 శాతం తగ్గింపు’ అంటున్నారు. నమ్మి కొనొచ్చా?
– ఓ గృహిణి, అనకాపల్లి

జవాబు: కొనొచ్చమ్మా, కానీ ఆ శాతం చూసి కాదు. తగ్గింపు లెక్కగట్టేది ఎమ్మార్పీ మీద. అది అంతకు మించి అమ్మకూడదన్న గరిష్ఠ ధర. మామూలు రోజుల్లోనూ టీవీలు అంతకంటే తక్కువకే దొరుకుతాయి.

మీ ఊళ్లో బెల్లం కొనేముందు చిన్న ముక్క గిల్లి రుచి చూస్తారు కదా, టీవీకీ అలాంటి పరీక్షే పెట్టండి. మోడల్ నంబరు పూర్తిగా రాసుకుని రెండు మూడు షాపుల్లో, ఆన్‌లైన్‌లో ధర కనుక్కోండి. ఒక్క అక్షరం మారినా అది వేరే టీవీ కావచ్చు. పెట్టె మీద తయారైన నెల, సంవత్సరం చూడండి.

32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీని 2025 సెప్టెంబరు 22న 28 నుంచి 18 శాతానికి తగ్గించారు. దాన్ని పండగ ఆఫర్‌గా చెబితే ఒప్పుకోకండి.

‘నో కాస్ట్ ఈఎంఐ’లోనూ ప్రాసెసింగ్ ఫీజు, వడ్డీ మీద జీఎస్టీ పడొచ్చు. మొత్తం ఎంత కట్టాలో ముందే రాయించుకోండి. సీరియల్ నంబరు వేసిన జీఎస్టీ బిల్లు తప్పక తీసుకోండి. తేడా వస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చు.