విద్యుత్ హీటరు, స్మార్ట్ థర్మోస్టాట్ – ఒక చిన్న లెక్క

పై చదువులకు కెనడా వెళ్ళే విద్యార్థినీ విద్యార్థులకు, వారి తల్లిదండ్రులకు ఉపయోగపడుతుందని ఈ విషయం వ్రాస్తున్నాను. ఫీజు, అద్దె, విమానం టికెట్టు అందరూ లెక్క వేసుకుంటారు. గది వెచ్చగా ఉంచడానికయ్యే కరెంటు ఖర్చు మాత్రం మొదటి బిల్లు వచ్చేదాకా గుర్తు రాదు.

మాంట్రియల్ నగరం ఉన్న క్విబెక్ రాష్ట్రంలో చాలా ఇళ్ళకు కరెంటు హీటర్లే. గోడ అడుగున పొడవాటి రేకు పెట్టెలా ఉంటాయి; బేస్‌బోర్డ్ హీటర్లు అంటారు. సాధారణంగా ప్రతి గదికీ వేరే థర్మోస్టాట్ ఉంటుంది. మనం పెట్టిన డిగ్రీలకు గది చేరగానే హీటరు ఆగుతుంది, చల్లబడితే మళ్ళీ పనిచేస్తుంది. త్వరగా వెచ్చబడాలని 20కి బదులు 28 పెడితే ప్రయోజనం లేదు. వేడెక్కే వేగం అదే, ఆగవలసిన చోట ఆగదు, అంతే.

స్మార్ట్ థర్మోస్టాట్‌కు ఏ వేళకు ఎన్ని డిగ్రీలో ముందే చెప్పి ఉంచవచ్చు. ఫోనులో నుండి మార్చవచ్చు. దీనివల్ల ఎంత మిగులుతుంది?

సేవింగ్స్ ఖాతాకు వడ్డీ కట్టే పద్ధతినే తీసుకుందాం. మన దేశంలో 2010 ఏప్రిల్ 1 నుండి ప్రతిరోజు నిల్వ మీద వడ్డీ లెక్కిస్తున్నారు. నిల్వను రోజులతో గుణిస్తే వచ్చేదే ప్రాడక్టు. ఇక్కడ నిల్వకు బదులు లోపలి, బయటి ఉష్ణోగ్రతల తేడా. రోజులకు బదులు గంటలు. గోడల గుండా, కిటికీల గుండా పోయే వేడి ఇంచుమించు ఈ తేడాను బట్టే ఉంటుంది.

బయట మైనస్ 10, లోపల 20 అనుకోండి. తేడా 30. రోజంతా అలాగే ఉంచితే 30 × 24 = 720. కాలేజీలో ఉండే 8 గంటలు, నిద్రపోయే 8 గంటలు 16 డిగ్రీలకు తగ్గిస్తే తేడా 26. అప్పుడు 26 × 16 = 416, మిగతా 8 గంటలకు 240, మొత్తం 656. ఆదా 64, అనగా సుమారు 9 శాతం. గది వెంటనే చల్లబడదు కనుక నిజానికి కొంత తక్కువే. రోజుకు 20 యూనిట్లు కాలే ఇంట్లో నెలకు 50 యూనిట్లు మిగిలితే గొప్ప. అక్కడ కూడా శ్లాబులున్నాయి: రోజుకు సగటున 40 యూనిట్లు దాటితే రేటు ఎక్కువ. పెద్ద ఇంటికే ఆ పోటు.

కనుక ఒక్క గదిలో ఏడాది ఉండే విద్యార్థి ఇది కొనడం నా దృష్టిలో అనవసరం. బయటికి వెళ్తూ చేత్తో తగ్గించినా అదే లెక్క. నలుగురు కలిసి రెండేళ్ళు ఉండే ఇంటికైతే ఆలోచించవచ్చు. అప్పుడు కూడా 240 వోల్టుల లైనుకు పనికివచ్చేదే అడగాలి. నెస్ట్ వంటివి 24 వోల్టులవి, ఈ హీటర్లకు నేరుగా బిగించరాదు. ఇంటి యజమాని అనుమతి వ్రాతపూర్వకంగా తీసుకుని ఎలక్ట్రీషియన్ చేతనే పెట్టించాలి. అద్దెలో హీటింగు కలిసి ఉందో లేదో ఒప్పందం మీద సంతకానికి ముందే చూసుకోండి. సెలవులకు ఇంటికి వచ్చేటప్పుడు హీటరు పూర్తిగా ఆపి రాకూడదు, గొట్టాల్లో నీరు గడ్డకట్టి పగులుతాయి.