నీళ్ల విరేచనాలు

వానలు పడ్డాయి. బోరింగు చుట్టూ బురద చేరింది. ఏడాది పాపకు పొద్దుటి నుంచి నీళ్ల విరేచనాలు.

"నీళ్లు పట్టకే, ఇంకా ఎక్కువవుతాయి" అంది అత్త.

అది తప్పు. ఒంట్లో నీరు, ఉప్పు పోతేనే బిడ్డ ప్రాణానికి ముప్పు. పోయినంతా మళ్లీ పట్టాలి.

ఆశా కార్యకర్త ఓ.ఆర్.ఎస్. పొట్లం ఇచ్చింది. కోడలు లీటరు నీళ్లు కాచి చల్లార్చింది. పొట్లం మొత్తం కలిపింది. సగం కలపకూడదు. చెంచాతో కొంచెం కొంచెంగా పట్టింది. వాంతి అయితే పది నిమిషాలు ఆగి, మళ్లీ పట్టింది. చనుబాలు మానలేదు. కలిపిన నీళ్లు ఒక్కరోజే వాడాలి. జింకు బిళ్లలు మాత్రం, విరేచనాలు ఆగినా, 14 రోజులు వేయాలి.

కళ్లు లోతుకు పోయినా, బిడ్డ మగతగా ఉన్నా, నెత్తురు పడినా వెంటనే ఆసుపత్రికి పోవాలి.

సాయంత్రం పాప ఉచ్చ పోసింది.

"ఒంట్లో నీరు చేరిందత్తా!"

"ఇంకో చెంచా పట్టవే" అంది అత్త.