హార్డ్‌డిస్క్ లైటు వెలుగుతోంది, డ్రైవ్ కనిపించడం లేదు

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి ఫొటోలున్న పోర్టబుల్ హార్డ్‌డిస్క్‌ని డెస్క్‌టాప్‌కి పెడితే లైటు వెలుగుతుంది గానీ డ్రైవ్ కనిపించదు. అల్లుడి ల్యాప్‌టాప్‌లో బాగానే వస్తోంది. ఏం చేయాలి?
– ఓ పాఠకుడు, నంద్యాల

జవాబు: ల్యాప్‌టాప్‌లో తెరుచుకుంటోంది కాబట్టి కంగారు వద్దండి. ముందు ఫొటోలన్నీ అందులోకి కాపీ చేయించండి. మిగతాది తర్వాత.

మీరు బహుశా సీపీయూ డబ్బాకి ముందున్న పోర్టులో పెడుతున్నారు. దానికి లోపల సన్నటి వైరు మీదుగా కరెంటు వస్తుంది. పైగా యూఎస్‌బీ 2.0 పోర్టు ఇవ్వాల్సిందే 500 మిల్లీ ఆంపియర్లు. డిస్క్ తిరగడం మొదలైనప్పుడు అంతకంటే ఎక్కువ లాగొచ్చు. లైటుకి సరిపోయిన కరెంటు మోటారుకి చాలదు. వెనకవైపు పోర్టులో, నీలం రంగుది ఉంటే అందులో, నేరుగా పెట్టండి. నీలం పోర్టు 900 దాకా ఇస్తుంది. మధ్యలో హబ్, ఎక్స్‌టెన్షన్ కేబుల్ వద్దు.

అయినా రాకపోతే, స్టార్ట్ బటన్ మీద రైట్ క్లిక్ చేసి డిస్క్ మేనేజ్‌మెంట్ తెరవండి. అక్కడ డిస్క్ ఉండి అక్షరం లేకపోతే, ‘చేంజ్ డ్రైవ్ లెటర్’లోకి వెళ్లి ఒకటి ఇవ్వండి. ఫార్మాట్ చేయమంటారా అని అడిగితే మాత్రం చచ్చినా ఒప్పుకోకండి.

డిస్క్ టక్‌టక్‌మంటున్నా, ల్యాప్‌టాప్‌లోనూ మాయమైనా మళ్లీ మళ్లీ పెట్టి చూడకుండా డేటా రికవరీ చేసేవాళ్ల దగ్గరకు తీసుకెళ్లండి.