మడమ మార్చుకొనదగిన మేజోడు



కామాఠీపురమను పేరు మన తెలుగు కూలీలైన కామాఠీలనుబట్టి వచ్చినదే. ముంబయి బట్టల మిల్లులలో మన పద్మశాలీలు అనేకులు పనిచేసిరి. కావున పడుగు పేకల సంగతి మన యిండ్లలో చెప్పనక్కరలేదు. అయితే మేజోడు నేతపని కాదు, అల్లికపని. అల్లికకు ఒక్క దారము చాలును. ఉచ్చులోనుండి ఉచ్చును లాగుచు పోవలెను. అందుచేతనే అది సాగును; ఒక పోగు తెగినచో అందుచేతనే జారిపోవును.

ఒక వర్షకాలమున ధారావి బాలుడొకడు బూట్లు విప్పుటకు సిగ్గుపడి తరగతి గుమ్మమున నిలిచిపోయెను. మేజోటి మడమ చిరిగినది. తక్కిన భాగమంతయు గట్టిగానే యున్నది. సాధారణపు అల్లికలో ముందు మడమను అల్లి, దానినుండి పాదమును సాగింతురు. కనుక పాదమును విప్పనిదే మడమను మార్చ వీలులేదు.

దీనికి ఉపాయము మడమను కడపట అల్లుట.

1. పదేండ్ల బిడ్డకు మధ్యరకపు నూలుతో సుమారు 48 ఉచ్చులను నాలుగు సూదులపై ఎత్తి, అయిదవ సూదితో గుండ్రముగా అల్లవలెను. పై అంచు రెండు సీదా, రెండు ఉల్టాగా నుండవలెను.

2. మడమ చోటు రాగానే 24 ఉచ్చులను వేరురంగు దారముతో అల్లి, వాటిని ఎడమ సూదికి మరల్చి, అసలు దారముతో మరల అల్లవలెను. పిమ్మట గొట్టమువలె పాదమును, వ్రేళ్ళ కొనను ముగింపవలెను.

3. రంగుదారమును మెల్లగా లాగివేసినచో క్రింద, పైన ఉచ్చులు తెరచుకొనును. ఆ 48 ఉచ్చులను సూదులపై ఎత్తి, వరుస విడిచి వరుసకు నాలుగేసి తగ్గించుచు, 16 మిగులగానే సూదితో కలిపి కుట్టవలెను.

మడమ అరిగిన నాడు ఆ కుట్టు విప్పి, తొలి 48 ఉచ్చులవరకు ఊడదీసి, క్రొత్త నూలుతో అల్లుకొనవచ్చును. మేజోడు పారవేయ పనిలేదు.

మేజోటికి ఒక్కటే మార్గమని యెన్నడును లేదు. ఈజిప్టులో దొరికి, నేడు లండను విక్టోరియా ఆల్బర్టు ప్రదర్శనశాలలో నున్న ప్రాచీనపు ఎఱ్ఱ మేజోడు ఒకే సూదితో చేయబడినది. చెప్పు పట్టీకై బొటనవ్రేలు వేరుగా నున్నది. అమెరికాలో స్థిరపడిన ఎలిజబెత్ జిమ్మర్‌మాన్ (1910–1999) మడమను పిమ్మట చేర్చు పద్ధతిని ఎందరికో నేర్పెను.

ఈ పని బాలికలకే గాక బాలురకును నేర్పుడు. చిరుగు సిగ్గుపడదగినది కాదనియు, బాగుచేయదగినదనియు వారి చేతులే వారికి తెలుపును.